జీవమున్న పన్ను, కాంక్రీటు గోడ: జంతుప్రదర్శనశాలల్లో వాల్రస్ దంత సంరక్షణ చరిత్ర

ఉపోద్ఘాతం

ఉత్తర ధ్రువ సముద్రాల వాల్రస్‌ను 1758లో లిన్నేయస్ సీళ్ళ ప్రజాతిలో చేర్చి రోస్మారస్ అని పేరు పెట్టాడు. నాలుగేళ్ళ తరువాత, 1762లో, ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త బ్రిసన్ దానిని విడదీసి ఓడోబీనస్ అనే ప్రజాతినామం ఇచ్చాడు. గ్రీకు ధాతువులను బట్టి ఆ మాటకు ‘పళ్ళతో నడిచేది’ అని అర్థం. మంచుపలక అంచున కోరలు గుచ్చి, టన్నుకు పైబడిన శరీరాన్ని నీటిలో నుంచి పైకి లాక్కునే జంతువు రూపం ఆ పేరులో ఉంది. ఈ పేర్లు పెట్టిన కాలానికి బతికిన వాల్రస్‌ను చూసిన యూరోపియన్ పండితులు వేళ్ళ మీద లెక్కించదగినంత మంది. దంతాన్ని చూసినవారు మాత్రం వేలల్లో ఉన్నారు. జంతువు కంటే ముందు దాని దంతం పరిచయం కావడం అనే ఈ తలకిందుల క్రమం తరువాతి చరిత్రను చాలా దూరం నడిపించింది.

ఇరవయ్యో శతాబ్దపు జంతుప్రదర్శనశాలల్లో వాల్రస్ దంతాలు అరిగాయి, విరిగాయి, చీము పట్టాయి. కొన్నిటికి లోహపు తొడుగులు వేశారు, కొన్నిటిని శస్త్రచికిత్సతో తొలగించారు. పశువైద్య గ్రంథాలు దీనిని దంతవ్యాధుల శీర్షిక కింద చర్చిస్తాయి. చారిత్రక దృష్టితో పరిశీలిస్తే దీనికి మరొక శీర్షిక కూడా తగుతుంది. ఇది మొదట నివాస నిర్మాణానికి సంబంధించిన వ్యాధి. పన్నులో కనిపించినది గోడలో ఉన్న దోషం. ఆ సంగతి గ్రహించడంలో జరిగిన ఆలస్యానికి వైద్యవిద్య లోపం పాక్షిక కారణమే. వాల్రస్‌కు దంతం ఎందుకు ఉన్నదనే ప్రశ్నకు శతాబ్దాలుగా చెప్పుకున్న తప్పు సమాధానం అంతకంటే పెద్ద కారణం.

సరుకుగా దంతం

తొమ్మిదో శతాబ్దం చివర నార్వేకు చెందిన ఓతర్ అనే నావికుడు ఇంగ్లండు రాజు ఆల్‌ఫ్రెడ్ కొలువుకు వాల్రస్ దంతాలు తెచ్చి ఇచ్చాడు. తాను ఉత్తరానికి ప్రయాణించడానికి ఆ దంతాలూ, ఓడలకు మోకులుగా పనికివచ్చే ఆ తోలూ ముఖ్య కారణాలని రాజుతో చెప్పాడు. పన్నెండో శతాబ్దానికి చెందినవిగా భావిస్తున్న, 1831లో స్కాట్లండు దీవుల్లో బయటపడిన లూయిస్ చదరంగపు బొమ్మల్లో అత్యధికం వాల్రస్ దంతంతో చెక్కినవే. ఈ సరుకు మధ్య ఆసియా మీదుగా పర్షియాకు, అక్కడి నుంచి భారతదేశానికి కూడా చేరింది. పారశీకంలో దానిని ‘దందానే మాహీ’, అంటే చేపపన్ను, అన్నారు. చారలూ మచ్చలూ ఉన్న చేపపన్నుతో చేసిన బాకుపిడుల మీద తనకున్న మక్కువను మొగలు చక్రవర్తి జహంగీరు స్వీయచరిత్రలో దాచుకోలేదు. ఆ మచ్చలు వాల్రస్ దంతం మధ్యభాగంలో, పల్ప్ కుహరం పూడుతూ వచ్చేకొద్దీ ఏర్పడే ద్వితీయ డెంటిన్ లక్షణం. చక్రవర్తి మెచ్చిన ఆ నగిషీ నిజానికి ఒక ప్రాణి తన పంటిని లోపలి నుంచి కాపాడుకున్న ఆనవాలు. చేపపన్ను అన్న పేరును బట్టి చూస్తే, ఆ ప్రాణి ఎలాంటిదో ఆ సరుకు చేతులు మారిన దారిలో ఎందరికో తెలియదు.

దంతం తెలిసి జంతువు తెలియనిచోట ఊహ చొరబడుతుంది. 1521లో జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ గీసిన వాల్రస్ తల నేటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అది తల మాత్రమే. 1555లో స్వీడిష్ మతాచార్యుడు ఓలాస్ మాగ్నస్ తన ఉత్తరదేశాల చరిత్రలో, ఈ జంతువు కోరలతో కొండకొమ్ముకు వేలాడుతూ నిద్రపోతుందని వర్ణించాడు. దంతాన్ని పనిముట్టుగా, కొక్కెంగానో గునపంగానో చూసే అలవాటుకు ఇటువంటి వర్ణనలు ఊతమిచ్చాయి. సముద్రపు అడుగును ఆ కోరలతో తవ్వి ఆల్చిప్పలు తీస్తుందన్న నమ్మకం ఇరవయ్యో శతాబ్దం రెండో సగం దాకా పాఠ్యపుస్తకాల్లోనూ చెలామణి అయింది.

దంతాలు రాని బందీలు

1608లో నార్వేకు ఉత్తరాన ఉన్న బేర్ దీవికి వేటకు వెళ్ళిన ఇంగ్లీషు నావికులు రెండు వాల్రస్ పిల్లలను ప్రాణాలతో పట్టారు. ఆడపిల్ల దారిలోనే చనిపోయింది. మగపిల్ల లండన్ చేరి, మొదటి జేమ్స్ రాజు కొలువులో ప్రదర్శితమై, కొద్ది వారాలకు చనిపోయింది. చెప్పినది ఇట్టే నేర్చుకునే జంతువని ఆ యాత్రాకథనం ప్రత్యేకంగా పేర్కొంది. శామ్యూల్ పర్చస్ 1625లో ప్రచురించిన యాత్రా సంకలనం వల్ల ఈ కథనం నిలిచింది.

మరికొద్ది ఏళ్ళకే హాలండుకూ ఒక పిల్ల వచ్చింది. హెస్సెల్ గెరిట్స్ 1613లో వెలువరించిన స్పిట్స్‌బెర్గెన్ పుస్తకంలో తల్లీపిల్లల చిత్రం ఉంది. ఆ పిల్లను స్వయంగా చూసిన లైడెన్ వైద్యాచార్యుడు వోర్స్ట్ వర్ణన డి లాట్ రచన ద్వారా నిలిచింది. 1880లో అమెరికన్ జంతుశాస్త్రవేత్త జె. ఎ. ఆలెన్ తన బృహద్గ్రంథంలో ఇటువంటి పాత సాక్ష్యాలన్నిటినీ ఒకచోట చేర్చాడు. వోర్స్ట్ వర్ణనలో ఒక చిన్న వివరం ఉంది. ధాన్యపు జావ పెడితే ఆ పిల్ల మింగలేదట, మెల్లగా పీల్చుకుందట. వాల్రస్ ఆహార విధానానికి తాళంచెవి వంటి ఈ మాట మూడున్నర శతాబ్దాల పాటు ఒక వింత వివరంగానే మిగిలిపోయింది.

లండన్ జంతుప్రదర్శనశాలకు 1853లో వచ్చిన పిల్ల కొన్ని రోజులకే చనిపోయింది. 1867లో డేవిస్ జలసంధిలో తిమింగలాల వేట ఓడ పట్టిన మరో పిల్ల గురించి వివరాలు ఎక్కువగా ఉన్నాయి. ఓడ మీద దానికి ఉడికించిన పందిమాంసపు ముక్కలు పెట్టారు. షెట్లండు దీవులు చేరాక తాజా ఆల్చిప్పలు దొరికాయి. ప్రదర్శనశాల పర్యవేక్షకుడు ఎ. డి. బార్ట్‌లెట్ స్వయంగా డండీ రేవుకు వెళ్ళి దానిని తెచ్చాడు. అది కొద్ది వారాలే బతికింది. సంస్థ తరఫున శవపరీక్షలు జరిపే జేమ్స్ మ్యూరీ ఆ శరీరాన్ని కోసి పరిశీలించి రాసిన వివరణ వాల్రస్ శరీర నిర్మాణంపై తొలి సమగ్ర గ్రంథాల్లో ఒకటి. అప్పటి ప్రదర్శనశాలల నుంచి శాస్త్రానికి అందినది ఎక్కువగా ఇటువంటి మరణోత్తర జ్ఞానమే.

ఈ కథల్లో ఎక్కడా దంతవ్యాధి ప్రస్తావన రాకపోవడం గమనార్హం. కారణం సులభం. వీటిలో చాలావాటికి కోరలు ఇంకా బయటికి రాలేదు, లేదా అప్పుడే మొలకెత్తుతున్నాయి. తల్లి చనిపోగా దొరికిన పిల్లలు, కొవ్వు సమృద్ధిగా ఉండే తల్లిపాలకు బదులు జావ తాగిన పిల్లలు, దంతం పెరిగేంత కాలం బతకనే లేదు. కనుక వాల్రస్ దంతవ్యాధి సంరక్షణ విఫలమైన కాలానికి చెందినది కాదు. జంతువును ఏళ్ళ తరబడి బతికించడం చేతనైన తరువాతే అది బయటపడింది.

కాంక్రీటు మంచు

1907లో హాంబర్గ్ శివారు స్టెల్లింగెన్‌లో కార్ల్ హాగెన్‌బెక్ తన జంతుప్రదర్శనశాలను తెరిచాడు. ఇనుపచువ్వలు తీసివేసి, కందకాల చాటున కృత్రిమ కొండలు నిలిపి, ధ్రువప్రాంతపు దృశ్యాన్ని ప్రేక్షకుడి కంటికి అఖండంగా అమర్చడం అతని ఆవిష్కరణ. శిల్పి ఊర్స్ ఎగెన్‌ష్విలర్ రూపకల్పన చేసిన ఆ కొండలూ మంచుగడ్డలూ చట్రం మీద పోసిన సిమెంటు. ప్రపంచవ్యాప్తంగా జంతుప్రదర్శనశాలలు ఆ నమూనాను అనుసరించాయి. దానికి దక్కిన కీర్తి న్యాయమైనదే. అయితే అది చూసేవాడి కంటికి మంచుగా ఉండటానికి కట్టినది. తాకే ప్రాణికి అది మంచు కాదు. మంచు కోరకు లొంగుతుంది, గుచ్చితే దిగుతుంది, విరుగుతుంది. కాంక్రీటు లొంగదు, ఆకురాయిలా అరగదీస్తుంది.

రెండో ప్రపంచయుద్ధం తరువాత శీతలీకరణ, నీటి వడపోత, ఘనీభవించిన చేపల సరఫరా మెరుగుపడ్డాయి. 1954లో కాలిఫోర్నియాలో తెరిచిన మెరీన్‌లాండ్ ఆఫ్ ది పసిఫిక్ వంటి సంస్థలు అలాస్కా నుంచి వచ్చిన వాల్రస్ పిల్లలను పెంచి పెద్దచేశాయి. అక్కడి బాధ్యుడు డేవిడ్ బ్రౌన్ 1960లలో ప్రచురించిన పరిశీలనలు ఈ రంగానికి తొలి పాఠాలయ్యాయి. ఆహారంలోని లోపాలు ఒక్కొక్కటే తెలిశాయి. హెరింగ్, స్మెల్ట్ వంటి కొన్ని చేపల్లో ఉండే థయామినేజ్ అనే ఎంజైము బి1 విటమినును నాశనం చేస్తుందనీ, ఆ చేపలే మేతగా పెట్టిన సీళ్ళకు నాడీవ్యాధి వస్తుందనీ జె. ఆర్. జెరాసీ 1972లో ప్రయోగపూర్వకంగా చూపాడు. అప్పటి నుంచి చేపతో పాటు విటమిను మాత్ర పెట్టడం రివాజైంది. కడుపు సమస్య ఒక దారికి వచ్చింది. నోటి సమస్య అప్పుడే తల ఎత్తింది.

పంటి లోపల

వాల్రస్ కోరలు పైదవడ రదనికలు. ఏనుగు దంతాలు కుంతకాలు. రెంటికీ ఉన్న పోలిక జీవితాంతం పెరగడంలోనే. కోర కొసన ఉండే పలుచని ఎనామిల్ పొర చిన్నతనంలోనే అరిగిపోతుంది. మిగిలినది సిమెంటం, డెంటిన్. నడిమధ్య రక్తనాళాలతో, నాడులతో నిండిన పల్ప్ కుహరం ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ ద్వితీయ డెంటిన్ ఆ కుహరాన్ని కొస వైపు నుంచి పూడుస్తూ వస్తుంది. అరుగుదల వేగం ఈ పూడిక వేగాన్ని మించినప్పుడు చిక్కు మొదలవుతుంది. లేత వయసులో కుహరం వెడల్పుగా ఉండి కొసకు దగ్గరగా వస్తుంది. ఆ దశలో కొస అరిగినా విరిగినా పల్ప్ బయటపడుతుంది. సూక్ష్మజీవులు ఆ దారిన పైకి పాకి, పన్ను మూలాన్నీ దవడ ఎముకనూ చేరతాయి. పుక్కిలి వాపు, చీముగడ్డ, మేత మానడం వరసగా వస్తాయి. అశ్రద్ధ చేస్తే ప్రాణాంతకం కూడా కావచ్చు.

దంతం లోపల జీవమున్న భాగం ఉంటుందన్న ఎరుక భారతీయ గజశాస్త్ర సంప్రదాయానికి కొత్త కాదు. దంతమూలపు చుట్టుకొలతకు రెండింతల పొడవు విడిచి, ఆపైన ఉన్నదే కోయాలని కౌటిల్యుని అర్థశాస్త్రం విధిస్తుంది. నదీతీరపు ఏనుగులకు రెండున్నరేళ్ళకొకసారి, కొండ ఏనుగులకు అయిదేళ్ళకొకసారి అని కాలనియమం కూడా చెబుతుంది. కోసిన దంతం ఖజానాకు చేరుతుంది కనుక ఇది కేవలం కరుణతో చేసిన నియమమని అనుకోనక్కరలేదు. అయినా నెత్తురు చిందకుండా ఎంత కోయవచ్చునో అనుభవంతో తేల్చిన లెక్క అది. దంతపు కొస చీలకుండా ఇత్తడి పొన్ను తొడిగే అలవాటు మన మావటులకు నేటికీ ఉంది. వాల్రస్‌ను పెంచినవారికి ఇటువంటి పూర్వానుభవం ఏదీ లేదు. ఆర్కిటిక్ ప్రజలకు ఆ జంతువు గురించి ఉన్న అపారమైన జ్ఞానం వేటకు సంబంధించినది. వారు దానిని కట్టేసి పెంచలేదు.

అందువల్ల ప్రదర్శనశాలల వైద్యులు మనుషుల దంతవైద్యం నుంచి పద్ధతులు అరువు తెచ్చుకున్నారు. కొస అరిగిన కోరకు, లేదా ఇంకా అరగని లేత కోరకు ముందుజాగ్రత్తగా, లోహపు తొడుగు అతికించడం వాటిలో ఒకటి. పొన్ను తొడగడం వంటిదే ఇది. కాకపోతే ఏనుగు రోజంతా తన పొన్నును గోడకేసి రుద్దుకోదు. వాల్రస్ రుద్దుతుంది. తొడుగు ఊడుతుంది, పక్కనుంచి పన్ను అరుగుతుంది, మళ్ళీ అతికించాలి. ప్రతిసారీ మత్తు అవసరం కావచ్చు. వాల్రస్‌కు మత్తివ్వడం సముద్రక్షీరద వైద్యంలో అతి ప్రమాదకరమైన పనులలో ఒకటి. మందమైన చర్మం, దాని కింద కొవ్వుపొర ఉండటం వల్ల సూది దిగిన చోటు మీదా మందు పనిచేసే వేగం మీదా భరోసా ఉండదు. మునిగి ఊపిరి బిగబట్టడానికి అలవాటుపడిన శరీరం కనుక మత్తులో శ్వాస ఆగిపోవడం తరచు జరుగుతుంది. సన్నని నోటిలో నుంచి శ్వాసనాళంలోకి గొట్టం దింపడం కష్టం. కదలక పడి ఉన్న భారీ దేహం వేడెక్కిపోతుంది.

1987లో కార్నెల్, ఆంట్రిమ్ వాల్రస్‌కు మత్తిచ్చి దంతం పీకే పద్ధతిపై ఒక వ్యాసం ప్రచురించారు. వ్యాస శీర్షికలో మత్తూ దంతోత్పాటనమూ పక్కపక్కన నిలవడం యాదృచ్ఛికం కాదు. పైదవడలో లోతుగా పాతుకుని ఉన్న పన్నును ఎముకను తొలిచి బయటికి తీయాలి, ఆ సమయమంతా జంతువు ఊపిరి తీసుకుంటూ ఉండాలి. రోగం ముదిరిన కోరకు ఇది న్యాయమైన చికిత్స. నొప్పి పోతుంది, చీము ఆగుతుంది. అయితే తొలగించినది వ్యాధి ఫలితం. వ్యాధికి కారణమైన గోడ మాత్రం చెక్కు చెదరకుండా నిలిచి ఉంటుంది.

దంతం దేనికి

కోరలు తీసివేసిన వాల్రస్‌లు మునుపటిలాగే తిన్నాయి. గునపం పోయిన కూలి పని ఆగాలి కదా, ఎందుకు ఆగలేదు? ఈ ప్రశ్నకు సమాధానం అప్పటికే మరో వైపు నుంచి సిద్ధమవుతోంది. 1975లో ఎడ్వర్డ్ మిల్లర్ వాల్రస్ సమూహాల ప్రవర్తనను విశ్లేషించి, కోరకు ప్రధానంగా సామాజిక ప్రయోజనం ఉందని చూపాడు. ఎవరి కోర పెద్దది, ఎవరు దానిని పైకెత్తి చూపారు అన్నదాన్ని బట్టి ఒడ్డు మీద చోటు దక్కుతుంది. 1982లో ఫ్రాన్సిస్ ఫే పసిఫిక్ వాల్రస్ జీవావరణంపై వెలువరించిన బృహద్గ్రంథం తవ్వకపు సిద్ధాంతానికి దాదాపు తెరదించింది. కోరల ముందుభాగపు అరుగుదల గుచ్చి తవ్వడం వల్ల కలిగేది కాదు. మూతితో బురదను వెతుకుతూ ముందుకు సాగేటప్పుడు కోరలు అడుగున ఈడ్చుకుపోవడం వల్ల ఏర్పడేది. మేతను కనిపెట్టేవి మీసాలు, బయటికి తీసేది నోటి పీల్పు.

నెదర్లాండ్స్‌లోని హార్డర్‌వైక్ డాల్ఫినేరియంలో రోనాల్డ్ కాస్టెలైన్, అతని సహపరిశోధకులు 1980ల చివర నుంచి ఈ విషయాలను కొలతలకు ఎక్కించారు. ఒక వాల్రస్ 0.4 చదరపు సెంటీమీటర్ల వైశాల్యమున్న ఆకారాలను సైతం త్రిభుజమో వృత్తమో మీసాలతోనే గుర్తించింది. 1994లో ప్రచురించిన కొలతల ప్రకారం నోటిలో అది కల్పించగల రుణపీడనం గాలిలో 87.9 కిలోపాస్కల్, నీటి అడుగున 118.8 కిలోపాస్కల్. గాలిలో కొలిచినది వాతావరణ పీడనంలో ఎనిమిదిన్నర పాళ్ళకు పైమాటే. ఆల్చిప్ప లోపలి మాంసాన్ని చిప్ప నుంచి ఊడబెరికి తీసుకోవడానికి ఆ శక్తి చాలు. వోర్స్ట్ చూసిన జావ పీల్చడం వెనుక ఉన్న యంత్రం ఇదే.

ఈ జ్ఞానం దంతవైద్యానికి ఏ రకంగా ఉపకరించింది? సముద్రంలో వాల్రస్ తన మెలకువలో చాలా భాగం అడుగును మూతితో వెతుకుతూ గడుపుతుంది. ఒక్క పూటకు వేలకొద్దీ ఆల్చిప్పలను ఒక్కొక్కటిగా కనిపెట్టి పీల్చాలి. ప్రదర్శనశాలలో బకెట్టుతో వచ్చిన చేప నిమిషాల్లో అయిపోతుంది. మిగిలిన గంటలన్నీ ఖాళీ. నోటికి పని లేని జంతువు మూతిని కొలను గోడకూ అడుగుకూ రాస్తూ తిరుగుతుంది, అక్కడ బురద బదులు కాంక్రీటు ఉంటుంది. ప్రదర్శనశాలల సిబ్బంది దీనిని చెడు అలవాటు అని రాసుకున్నారు. అలవాటులో చెడు ఏమీ లేదు. అది మేత వెతికే పని, మేత లేనిచోట జరుగుతున్న పని. కోర ఈడ్చుకుపోవడం సముద్రంలోనూ ఉన్నదే, కానీ అక్కడ అది మెత్తని అడుగు మీద జరుగుతుంది.

1989లో కాస్టెలైన్, వీప్‌కెమా ప్రచురించిన వ్యాసం ఈ కారణంగా దంత సంరక్షణ చరిత్రలో కూడా స్థానం పొందదగినది, దాని శీర్షికలో దంతం మాటే లేకపోయినా. కొలనులో తవ్వుకునేందుకు వీలైన తొట్టెను అమర్చి, మేతను అందులో కలిపి, వాల్రస్‌లకు వెతికే పని కల్పించిన వైనాన్ని వారు అందులో వివరించారు. ఆ తొట్టెను వారు వృత్తిచికిత్స అని పిలిచారు, మానసిక ఆసుపత్రుల్లో రోగులకు చేతిపని ఇచ్చే పద్ధతి పేరు అది. పేరు ఎంపికలోనే ఒక నిర్ధారణ ఉంది. పన్ను మీద తొడుగు పెట్టేవారు జంతువును గోడకు తగినట్టు మలుస్తారు, తొట్టె పెట్టినవారు కొలనును జంతువుకు తగినట్టు మలిచారు. ఖర్చు దృష్ట్యా చూస్తే రెండోది చాలాచోట్ల ఆలస్యంగా, అరకొరగానే అమలు కావడం వింత కాదు. కట్టిన కొలను యాభై ఏళ్ళు ఉంటుంది. పన్నును ఒక పూటలో తీయవచ్చు.

1608 నాటి నావికులు ఇట్టే నేర్చుకుంటుందని రాసిన గుణం కూడా చివరికి వైద్యానికి అక్కరకు వచ్చింది. బహుమతి ద్వారా నేర్పే శిక్షణ పద్ధతులు 1960ల నుంచి సముద్రక్షీరదాల పెంపకంలో స్థిరపడ్డాయి. వాటివల్ల నేడు చాలాచోట్ల కోరల పరీక్షకు మత్తు అవసరం లేదు. సంజ్ఞ చేయగానే వాల్రస్ ఒడ్డుకు వచ్చి, మూతిని సంరక్షకుడి అరచేతిలో ఆనించి, నోరు తెరిచి కదలకుండా ఉంటుంది. ఎక్స్‌రే పలకను పుక్కిలి పక్కన పెట్టనిస్తుంది. కోర పోయిన చోట గాయాన్ని సిరంజితో రోజూ కడగనిస్తుంది. అది పూర్తయ్యాక ఒక్కొక్క ఆల్చిప్పనూ చేతిలో నుంచి పీల్చుకుంటుంది.